ఆ నాలుగు రోజులూ ఆస్పత్రి కాగితాల మీద నడిచింది

*ఒక్క యంత్రమూ చెడిపోలేదు. ఒక్క తీగా తెగిపోలేదు. అయినా బోస్టన్ నగరంలోని ఒక మహా వైద్యాలయం ఉన్నట్టుండి ముప్పై ఏళ్ళు వెనక్కు పోయింది.*

2002 నవంబరు 13, బుధవారం మధ్యాహ్నం. అమెరికాలోని బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్యకేంద్రం ఎప్పటివలెనే తన పని తాను చేసుకుంటున్నది. హార్వర్డ్ వైద్య విద్యాలయానికి అనుబంధమైన పెద్ద ఆస్పత్రి అది. కంప్యూటర్లను వైద్యంలో వాడుకోవటంలో ఆ దేశంలోనే ముందు వరుసలో నిలిచినది. రోగికి ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలో వైద్యుడు కంప్యూటరులో నమోదు చేస్తే మరుక్షణం అది ఫార్మసీకి చేరుతుంది. రక్తపరీక్ష ఫలితం ప్రయోగశాలలో తేలగానే వార్డులోని తెరపై కనిపిస్తుంది. ఎక్స్‌రే చిత్రాలు సైతం తీగల వెంట ప్రయాణం చేస్తాయి.

ఆ మధ్యాహ్నం తెరలు మందగించాయి. ఒక ఫలితం కోసం మీట నొక్కిన నర్సు ఎదురుచూస్తూ నిలబడిపోయింది. కొంతసేపటికి తెరలు బొత్తిగా కదలటం మానివేశాయి. మధ్యమధ్య ప్రాణం లేచివచ్చినట్టు కదలటం, అంతలోనే మళ్ళీ స్తంభించటం. ఆస్పత్రి సమాచార విభాగానికి అధిపతి జాన్ హాలమ్కా. ఆయన స్వయంగా అత్యవసర వైద్యుడు కూడా. ఆయన సిబ్బంది సర్వర్లను పరీక్షించారు. అవి నిక్షేపంగా ఉన్నాయి. రోగుల వివరాలు ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. ఎటొచ్చీ వాటిని ఒక గది నుంచి మరొక గదికి చేర్చవలసిన దారి మూసుకుపోయింది. దానికి కారణం సమాచారం లేకపోవటం కాదు, అది మితిమీరి ప్రవహించటం!

ఆ దారులను నడిపే యంత్రం పేరు నెట్‌వర్కు స్విచ్చి. అనువాదమూ ఆంగ్ల సాహిత్యమూ తప్ప మరొకటి ఎరుగని నేను దీని గురించి చదవటానికి కారణం మా ఆఫీసులో జరిగిన ఒక చిన్న ప్రమాదం. ఆ ముచ్చట తరువాత చెబుతాను.

పాయింట్స్‌మన్ పని

స్విచ్చి అనగానే మనకు గోడ మీద దీపం వెలిగించే మీట గుర్తుకు వస్తుంది. ఆంగ్లంలో ఈ మాటకు మొదట సన్నని బెత్తం, గుర్రపు కొరడా అని అర్థం. తరువాత రైలుపట్టాలను ఒక దారి నుంచి మరొక దారికి మళ్ళించే కమ్మీలకు ఆ పేరు వచ్చింది. విద్యుత్తుకు అది ఆ తరువాతే అంటింది. నెట్‌వర్కు స్విచ్చికి సరిపోయేది ఆ నడిమి అర్థమే. జంక్షనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ చేసే పనినే ఇది సెకనుకు లక్షలసార్లు చేస్తుంది.

చూడటానికి చాలా సాదాసీదా వస్తువు. పలుచని ఇనుప పెట్టె, ముందువైపు ఎనిమిదో, ఇరవై నాలుగో, నలభై ఎనిమిదో చదరపు రంధ్రాలు. వీటిని పోర్టులంటారు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కేబులు. కేబులు అవతలి కొసన కంప్యూటరో, ప్రింటరో, కెమెరాయో, మరొక స్విచ్చో ఉంటుంది. తీగ ద్వారా మాట్లాడే ప్రతి యంత్రానికీ తయారీలోనే ఒక 48 బిట్ల సంఖ్య కేటాయిస్తారు. దానిని మ్యాక్ చిరునామా అంటారు. కంప్యూటరు పంపే ప్రతి సమాచారపు పొట్లం మీదా పంపినవారి చిరునామా, అందుకోవలసినవారి చిరునామా రెండూ ఉంటాయి.

కొత్తగా పెట్టిన స్విచ్చికి ఊరు తెలియదు. కొత్తగా బదిలీ అయి వచ్చిన పోస్టుమాన్ వంటిది. అయితే తెలివైన పోస్టుమాన్. ఏ పోర్టులో నుంచి పొట్లం వచ్చిందో చూసి, పంపినవారి చిరునామా చదివి, "ఫలానావారు మూడవ గుమ్మంలో ఉంటారు" అని తన పట్టికలో వ్రాసుకుంటుంది. రేపు ఆ ఫలానావారికి ఏదైనా వస్తే నేరుగా మూడవ గుమ్మంలోనే వేస్తుంది. అందుకోవలసినవారు ఎవరో తెలియకపోతే? వచ్చిన గుమ్మం ఒక్కటి వదిలి తక్కిన అన్ని గుమ్మాలలోనూ ఒక్కొక్క నకలు వేస్తుంది. ఎవరిదైతే వారే తీసుకుంటారు. సాధారణంగా అయిదు నిమిషాలపాటు ఎవరి మాటా వినిపించకపోతే వారి పేరు పట్టికలో నుంచి కొట్టివేస్తుంది.

ఈథర్‌నెట్ అనే ఈ తీగల వ్యవస్థకు 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపకల్పన చేసినప్పుడు స్విచ్చి అన్నది లేదు. అందరూ ఒకే తీగను పంచుకునేవారు. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు మౌనంగా ఉండవలసిందే. ఒకేసారి పలువురికి వేర్వేరు దారులిచ్చే మొదటి ఈథర్‌నెట్ స్విచ్చిని 1990 ప్రాంతంలో సిలికాన్ వ్యాలీలోని ఒక చిన్న సంస్థ విపణిలోకి తెచ్చింది. దానికి ఏడే పోర్టులు. ఆ సంస్థ పేరు చూసి ఆశ్చర్యపోయాను: కల్పన. స్థాపకులలో ఒకరైన వినోద్ భరద్వాజ్ భారతీయ సంతతివారు. ఆయన భార్య పేరే సంస్థకు పెట్టారు. 1994లో సిస్కో సంస్థ దానిని కొనివేసింది. పేరు అంతర్ధానమైంది గాని ఆ ఊహ మాత్రం నేడు ప్రతి ఆఫీసు అలమారలోనూ కూర్చుని ఉన్నది.

చావు లేని పొట్లం

స్విచ్చికి ఒక గుణం ఉన్నది. తన గుమ్మాల సంగతి తప్ప ఊరి సంగతి దానికి తెలియదు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది.

రెండు స్విచ్చిలను ఒక కేబులుతో కలిపారనుకోండి. ఆ కేబులు తెగితే ఎలా అన్న ముందుచూపుతో రెండవ కేబులు కూడా వేశారు. మంచి ఆలోచనే. ఇప్పుడొక కంప్యూటరు "ఈ చిరునామా ఎవరిది?" అని అందరినీ ఉద్దేశించి కేక వేసింది. మొదటి స్విచ్చి ఆ కేకను రెండు కేబుళ్ళ మీదా పంపింది. రెండవ స్విచ్చి ఒక దాని మీద వచ్చిన దానిని రెండవ దాని మీద వెనక్కు పంపింది. మొదటిది మళ్ళీ ముందుకు పంపింది. ఇంటర్నెట్ పొట్లానికి ఆయుర్దాయం ఉంటుంది. మజిలీ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతూ వచ్చి చివరకు నశిస్తుంది. ఈథర్‌నెట్ పొట్లానికి ఆయుర్దాయం లేదు. అది ఎన్నటికీ తిరుగుతూనే ఉంటుంది. ప్రతి చుట్టులోనూ నకళ్ళు పుడతాయి. రక్తబీజుని కథ తెలిసినవారికి ఇంతకంటె వివరించనక్కరలేదు. కొద్ది క్షణాలలోనే తీగలన్నీ ఆ ఒక్క కేకతో నిండిపోతాయి. అసలైన సమాచారానికి అడుగు పెట్టే చోటు ఉండదు.

ఒకే దారి ఉంటే తెగిపోతుందన్న భయం. రెండు దారులుంటే తుపాను. ఈ చిక్కుముడిని విప్పినది రేడియా పెర్ల్‌మన్ అనే మహిళ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఆమె పనిచేస్తున్న రోజులలో, 1980ల మధ్య, ఒక శుక్రవారంనాడు పై అధికారి ఈ సమస్యను ఆమెకు అప్పగించి వారం రోజులు సెలవు మీద వెళ్ళిపోయాడు. ఆ రాత్రికే ఆమెకు పరిష్కారం తట్టింది. సోమ, మంగళవారాలలో వివరమంతా వ్రాసి ముగించింది. అధికారి తిరిగి రావటానికి ఇంకా రోజులున్నాయి. మరే పని మీదా మనసు నిలవక ఆమె తన పద్ధతిని ఒక పద్యంగా వ్రాసింది! జాయిస్ కిల్మర్ చెట్ల మీద వ్రాసిన సుప్రసిద్ధ ఆంగ్ల గీతానికి అది సరదా అనుకరణ. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవారెవరికైనా ఆ గీతం తెలుసు. దానిని కొంచెం చప్పనిదని మా అధ్యాపకులు ఈసడించేవారు. పెర్ల్‌మన్ అనుకరణ మాత్రం 1985లో వెలువడిన ఆమె శాస్త్రవ్యాసం మొదట్లోనే అచ్చయింది.

ఆ పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ. చెట్టులో ఏ ఆకు నుంచి ఏ ఆకుకైనా ఒక్కటే దారి ఉంటుంది. కొమ్మలు చుట్టూ తిరిగి తమలో తాము కలవవు. స్విచ్చిలన్నీ తమలో ఒకదానిని వేరుగా, అంటే రూట్‌గా, ఎన్నుకుంటాయి. ప్రతి ఒక్కటీ వేరుకు దగ్గరి దారి ఏదో లెక్క కట్టి దానిని తెరచి ఉంచుతుంది. వలయం ఏర్పరచే అదనపు దారులను మూసివేస్తుంది. తీగ అలాగే ఉంటుంది గాని దాని మీద రాకపోకలుండవు. రెండు సెకన్లకొకసారి వేరు నుంచి "నేనున్నాను" అన్న పలకరింపు కొమ్మ కొమ్మకూ అందుతూ ఉంటుంది. ఇరవై సెకన్లపాటు పలకరింపు వినబడకపోతే ఆ దారి పోయిందని భావించి, మూసి ఉంచిన దారిని మరో అరనిమిషంలో తెరుస్తాయి. మనిషి ప్రమేయం లేకుండా గాయం దానంతటదే మానిపోతుంది.

పలకరింపు వినబడకపోవటానికి దారి తెగటమే కారణం కానక్కరలేదు. బోస్టన్‌లో జరిగినది అదే.

ఏడు మజిలీలు

1996లో రెండు ఆస్పత్రులు కలిసిపోయి ఆ వైద్యకేంద్రం ఏర్పడింది. అప్పటి నుంచి కొత్త విభాగం వచ్చినప్పుడల్లా మరొక స్విచ్చి, ఇంకొక కేబులు చేరుతూ వచ్చాయి. చేర్చిన ప్రతిసారీ చేర్చిన ముక్క చక్కగానే పనిచేసింది. మొత్తం ఆకారం ఎలా తయారవుతున్నదో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. స్పానింగ్ ట్రీ కాలపరిమితులను ఒక చివరి నుంచి మరొక చివరికి ఏడు మజిలీలకు మించకుండా ఉండే నెట్‌వర్కును దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారు. ఆస్పత్రిలో ఎక్స్‌రే వంటి చిత్రాలను భద్రపరచే వ్యవస్థ పది మజిలీల దూరంలో ఉన్నట్టు తరువాత బయటపడింది.

అయినా ఏళ్ళ తరబడి పని నడిచింది. ఇటువంటి దోషాలకు అదే లక్షణం. ఆ నవంబరులో ఒక పరిశోధకుడు కొత్త సాఫ్ట్‌వేరును పరీక్షిస్తూ భారీ పరిమాణంలో సమాచారాన్ని నెట్‌వర్కు మీదికి వదిలాడు. ఆ వరదలో ఒక ముఖ్యమైన స్విచ్చికి ఊపిరాడలేదు. దాని పలకరింపులు అవతలికి చేరలేదు. అది చనిపోయిందని తక్కినవి నమ్మాయి. ఆపద్ధర్మంగా మూసి ఉంచిన దారులను తెరిచాయి. చనిపోయిందనుకున్నదేమో బ్రతికే ఉన్నది! రెండు దారులూ ఒకేసారి తెరుచుకున్నాయి. వలయం పూర్తయింది. తుపాను మొదలైంది. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే ఉరితాడైంది.

సిబ్బంది ఒక భాగాన్ని వేరు చేస్తే కొంతసేపు తెరిపి, మళ్ళీ తుపాను. స్విచ్చిలను తయారుచేసిన సిస్కో సంస్థ నుంచి ఇంజనీర్ల బృందం దిగింది. కొత్త పరికరాలు వచ్చాయి. ఇంతలో ఆస్పత్రి ఆగటానికి వీలులేదు కదా! ఒక దశలో సుమారు నాలుగు గంటలపాటు అత్యవసర విభాగం తలుపులు మూసి అంబులెన్సులను ఇతర ఆస్పత్రులకు మళ్ళించారు. వార్డుల నుంచి ప్రయోగశాలకు, ప్రయోగశాల నుంచి వార్డులకు మనుషులు కాగితాలు పట్టుకుని పరుగులు తీశారు. మందుల చీటీని చేత్తో ఎన్నడూ వ్రాసి ఎరుగని యువ వైద్యులున్నారు. వారికి ఎలా వ్రాయాలో పాతతరంవారు పక్కన నిలబడి నేర్పవలసి వచ్చింది.

హాలమ్కా తీసుకున్న నిర్ణయాలలో నాకు గొప్పగా తోచినది మరమ్మతుకు సంబంధించినది కాదు. నెట్‌వర్కు కాసేపు వస్తూ కాసేపు పోతూ ఉండగా, వచ్చినప్పుడు వాడుకుందామన్న ఆశను ఆయన వదులుకున్నాడు. సంపూర్ణంగా కుదుటపడేవరకు ఆస్పత్రి యావత్తూ కాగితం మీదనే నడుస్తుందని తేల్చివేశాడు. సగం కంప్యూటరులో, సగం కాగితంపై ఉండే మందుల జాబితా ఎంత ప్రమాదకరమో వైద్యుడు కనుక ఆయనకు తెలుసు. సుమారు నాలుగు రోజుల తరువాత గాని వ్యవస్థ చక్కబడలేదు. చిత్రమేమంటే ఈ నెట్‌వర్కు బలహీనంగా ఉన్నదని అంతకు కొద్దికాలం ముందే జరిగిన పరిశీలనలో తేలింది. మార్పులు చేసేలోపలే ముప్పు ముంచుకొచ్చింది. హాలమ్కా దీనిని దాచలేదు. జరిగినదంతా పత్రికలకూ, తోటి ఆస్పత్రులకూ విప్పి చెప్పాడు. ఆ దాపరికం లేనితనం వల్లనే నేను ఈ వ్యాసం వ్రాయగలుగుతున్నాను.

మా అలమారలోని కథ

ఇక మా ఆఫీసు సంగతి. హైదరాబాదులో రెండంతస్తుల ప్రచురణ కార్యాలయం, ముప్పై మంది లోపు మనుషులం. ప్రాణాల మీదికి వచ్చే పని కాదు; అచ్చుకు పోవలసిన పుస్తకం ఒకటి ఆ సాయంత్రానికి ముగియాలి, అంతే. ఉదయం పదకొండింటికి అన్ని కంప్యూటర్లూ ఒకేసారి స్తంభించాయి. కబురందుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. అలమార తెరిచి స్విచ్చి వైపు చూసి, దేనినీ ముట్టుకోకుండానే, "లూపు పడింది మేడం" అన్నాడు.

"ముట్టుకోకుండా ఎలా తెలిసింది బాబూ?"

"దీపాలు చూడండి. మామూలుగా ఒక్కొక్కటి ఒక్కోలా మినుకుతాయి. ఇప్పుడు అన్నీ ఒక్కలాగే కొట్టుకుంటున్నాయి."

నిజమే. ఇరవైకి పైగా పచ్చని దీపాలు ఒకే గుండె వలె అదిరిపోతున్నాయి. ఒక్కొక్క కేబులూ తీసి చూసుకుంటూ పోయి, డి.టి.పి. విభాగంలో బల్ల కింద ఉన్న చిన్న ఎనిమిది పోర్టుల పెట్టె దగ్గర ఆగాడు. ఒకే కేబులు రెండు కొసలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. మా అటెండరు పెద్దాయన చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "ఊడ్చేటప్పుడు తీగ కొస కింద పడి ఉందమ్మా. ఊడిపోయిందేమో అని పెట్టాను" అన్నాడు. ఆయనను ఏమనగలం? అన్నీ ఒకే ఆకారపు రంధ్రాలు. ఇది తప్పు అని చెప్పే గుర్తు ఏ రంధ్రం మీదా లేదు.

అసలు తప్పు ఆయనది కాదని మరో పది నిమిషాలలో తేలింది. చిన్న పెట్టెకు స్పానింగ్ ట్రీ తెలియదు, నిజమే. అలమారలోని పెద్ద స్విచ్చికి మాత్రం తెలుసు. తన పలకరింపు తనకే తిరిగి రావటం గమనించి ఆ ఒక్క పోర్టును మూసివేయగలదు. కాని దానిలో ఆ సదుపాయాన్ని ఎవరో ఎప్పుడో ఆపివేశారు. ఎందుకంటే, ప్రొద్దున కంప్యూటరు వేసిన తరువాత అరనిమిషం నెట్‌వర్కు రావటం లేదని ఎవరో విసుక్కున్నారట! ఆ అరనిమిషం స్విచ్చి వలయం ఉన్నదేమోనని పరీక్షించుకునే సమయం. మనుషుల కంప్యూటర్లుండే పోర్టులకు ఆ నిరీక్షణ అక్కరలేదని విడిగా చెప్పవచ్చు. అలాంటి పోర్టులోకి ఎవరైనా మరొక స్విచ్చిని తగిలిస్తే వెంటనే మూసివేయమనీ చెప్పవచ్చు. అది చేయకుండా మొత్తం కాపలానే తీసివేశారు.

ఆ మధ్యాహ్నమంతా నేను అనువాదం పక్కన పెట్టి అతని పక్కనే కూర్చున్నాను. స్విచ్చికి సంకేతపదం కంపెనీ వేసి పంపినదే ఉన్నది. ముందు దానిని మార్చాడు. స్పానింగ్ ట్రీని మళ్ళీ మేల్కొలిపాడు. రూట్ ఎన్నిక గురించి అతను చెప్పినది వింటే నవ్వు వచ్చింది. ఏ స్విచ్చికైనా పుట్టుకతో 32768 అనే ప్రాధాన్య సంఖ్య ఉంటుంది. తక్కువ సంఖ్య ఉన్నదే రాజు. ఎవరూ మార్చకపోతే అందరివీ సమానం కనుక అప్పుడు మ్యాక్ చిరునామా చిన్నదైనది గెలుస్తుంది. సాధారణంగా పాత యంత్రాలకే చిన్న సంఖ్యలుంటాయి. అంటే ఎవరూ పట్టించుకోకపోతే, మేడ మీద మూల దుమ్ము కొట్టుకుపోయిన ముసలి స్విచ్చి రాజ్యమేలుతుంది. రాకపోకలన్నీ దాని మీదుగా పోతాయి. అతను అలమారలోని దానికి 4096 ఇచ్చి పట్టం కట్టాడు.

లెక్కల విభాగాన్నీ, అతిథులు వాడుకునే వైఫైనీ వేర్వేరు వీల్యాన్‌లుగా విడదీశాడు. అంటే పెట్టె ఒక్కటే అయినా లోపల గోడ కట్టినట్టు. ఇటువైపు కేక అటువైపు వినబడదు. అంతా అయిన తరువాత "సేవ్ చేయకపోతే ఇదంతా దండగ మేడం" అన్నాడు. చేసిన మార్పులు వెంటనే అమలులోకి వస్తాయి గాని, చాలా స్విచ్చిలలో విడిగా భద్రపరచకపోతే కరెంటు పోయి వచ్చేసరికి పాత స్థితే ఉంటుంది. ప్రూఫు దిద్ది ప్రెస్సుకు పంపటం మరిచిపోయినట్టు అన్నమాట. ఆ బాధ నాకు బాగా తెలుసు. ఒక నకలును వేరే కంప్యూటరులో కూడా దాచాడు.

అన్నిటికంటె ఎక్కువ సమయం పట్టినది కంప్యూటరు పని కాదు. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో కనిపెట్టి దానికి చీటీ అంటించటం. అటెండరు పెద్దాయన, నేను, అతను ముగ్గురం మేడ ఎక్కుతూ దిగుతూ, గోడల వెంట పాకుతూ, ఒక్కొక్క కొసకూ పేరు వ్రాశాము. పూర్తయిన పటాన్ని అలమార తలుపు లోపల అంటించాము. ఆయన ఇప్పుడు ఎవరైనా కేబులు ముట్టుకుంటే ముందు పటం చూడమంటాడు.

ఇరవై రెండవ పోర్టు ఒక్కటే అంతు చిక్కలేదు. దీపం వెలుగుతూనే ఉన్నది. స్విచ్చి పట్టికలో ఆ గుమ్మం ఎదుట ఒక మ్యాక్ చిరునామా ఉన్నది. తీగ మాత్రం గోడలోకి పోయి మాయమైంది. అది ఏ యంత్రమో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. చీటీ మీద 'తెలియదు' అని వ్రాసి, పటంలోనూ అలాగే చూపి, శనివారం సాయంత్రం వెళ్ళేటప్పుడు దానిని ఊడదీశాము. సోమవారం ఉదయం పది గంటలకు వాచ్‌మన్ లోపలికి వచ్చాడు.

"అమ్మా, గేటు దగ్గర కెమెరా బొమ్మ రావటం లేదు. శనివారం రాత్రి నుంచీ."

పెద్దాయన లేచి అలమార తెరిచాడు. తీగను తిరిగి ఇరవై రెండులో పెట్టి, పాత చీటీ చింపి, కొత్త చీటీ మీద వ్రాయమని పెన్ను నా చేతికిచ్చాడు.